సుఖమా, తృప్తా, క్షేమమా: ఆనంద సిద్ధాంతాల్లో ఏది ఏ ప్రశ్నకు పనికొస్తుంది

"బాగున్నారా?" అని ఎవరైనా పలకరిస్తే "ఆ, బాగానే ఉన్నాం" అంటాం. ఆ జవాబు వెనక మూడు వేర్వేరు సంగతులు ఉండవచ్చు. ఈ పూట మనసు తేలిగ్గా ఉందని ఒకటి. మొత్తమ్మీద బతుకు మీద ఫిర్యాదు లేదని ఇంకొకటి. ఒంట్లో ఆరోగ్యం, చేతిలో పని, ఇంట్లో మనుషులు సవ్యంగా ఉన్నారని మూడోది. తెలుగులో మొదటిది సుఖం, రెండోది తృప్తి, మూడోది క్షేమం. ఉత్తరాల రోజుల్లో "ఇక్కడ అందరం క్షేమం" అని రాసేవారు. ఆ ఇంట్లో ఎవరూ దిగులుగా లేరని దానర్థం కాదు.

ఆనందం మీద తత్వవేత్తలు చేసిన వాదాల్లో చాలా భాగం ఈ మూడింటిలో దేన్ని అసలు కొలమానంగా తీసుకోవాలన్న దాని మీదే నడిచింది. డెరెక్ పార్ఫిట్ 1984లో వీటిని మూడు కుప్పలుగా విడదీశాడు: సుఖమే మేలు అనేవి, కోరుకున్నది జరగడమే మేలు అనేవి, మనం కోరుకున్నా కోరుకోకపోయినా కొన్ని మేళ్ళు మేళ్ళే అని జాబితా ఇచ్చేవి. జీవితం మొత్తం మీద తృప్తే ఆనందం అనే నాలుగో దారిని 1996లో ఎల్. డబ్ల్యూ. సమ్నర్ పకడ్బందీగా నిలబెట్టాడు. అరిస్టాటిల్ దారి, కోరికలు తగ్గించుకోమనే దారి వీటన్నిటికంటే పాతవి.

వీటిలో ఏది నిజం అన్న తగవు ఇప్పట్లో తేలేది కాదు. మీకు కావలసింది మీ ప్రశ్నకు సరిపడే సిద్ధాంతం. దినచర్య మార్చుకోవాలంటే సుఖవాదం. ఉద్యోగం, పెళ్ళి, ఊరు మారడం లాంటి పెద్ద నిర్ణయానికి వడపోసిన కోరికలు, వాటితో పాటు అరిస్టాటిల్. ఏడాదికోసారి మీ బతుకును మీరే తూచుకోవడానికి తృప్తి కొలత. ఇంకొకరి బతుకు ఎలా ఉందో చెప్పాల్సి వస్తే జాబితా. మారని కష్టంలో ఉంటే స్టోయిక్కుల దారి, అంటే మన చేతిలో లేనిదాన్ని వేరు చేసి చూడమన్న ప్రాచీన తత్వవేత్తల దారి. ఒకదాని పని ఇంకొకదానితో చేయించబోతే ఏం పాడవుతుందో కూడా చూద్దాం.

సుఖవాదం: రోజును సరిదిద్దడానికి

జెరెమీ బెంథామ్ 1789లో అచ్చయిన గ్రంథంలో సుఖాన్ని తూచడానికి ఏడు కొలతలిచ్చాడు: ఎంత తీవ్రం, ఎంతసేపు, ఎంత ఖాయం, ఎంత దగ్గరలో ఉంది, మరిన్ని సుఖాలకు దారితీస్తుందా, వెనకాలే బాధను తెస్తుందా, ఎంతమందికి అందుతుంది. సొంత జీవితంలో వాడుకునేటప్పుడు నాలుగోదాన్ని పక్కన పెట్టండి. దగ్గరలో ఉన్న సుఖం ఎలాగూ ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది, దానికి అదనంగా మార్కులు వేయాల్సిన పని లేదు. ఎక్కువ పనికొచ్చేవి అయిదోది, ఆరోది.

ఆ ఆరో కొలత మనకు కొత్తేమీ కాదు. భగవద్గీత 18వ అధ్యాయం సుఖాన్ని మూడు రకాలుగా విడదీస్తుంది. మొదట విషంలా ఉండి చివరికి అమృతమయ్యేది సాత్వికం, మొదట అమృతంలా ఉండి చివరికి విషమయ్యేది రాజసం, మొదట్లోనూ చివర్లోనూ మైకంలో ఉంచేది తామసం. బెంథామ్ లెక్కలో మొదటి రెండింటికీ చోటుంది. మూడోదానికి లేదు. అర్ధరాత్రి దాకా ఫోన్‌లో వీడియోలు జరుపుతూ కూర్చున్న గంటలు ఈ మూడో గడిలో పడతాయి: పెద్ద సుఖమూ లేదు, పెద్ద బాధా లేదు, కాలం మాత్రం పోయింది. సుఖాన్ని, బాధను మాత్రమే నమోదు చేసే పట్టికలో ఈ నష్టం కనబడదు. కాబట్టి మీ పట్టికలో "మైకం" అని ఒక గడి అదనంగా పెట్టుకోండి.

పట్టిక ఇలా రాయాలి. రెండు వారాల పాటు రోజూ రాత్రి, లేదా మర్నాడు పొద్దున్నే, ఆ రోజును సినిమాలో సన్నివేశాల్లా ముక్కలు చేయండి: వంట, బస్సు ప్రయాణం, మీటింగు, అమ్మతో ఫోను. రోజుకు 10 నుంచి 15 ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్కకు ఎంతసేపు, అప్పుడు అన్నిటికంటే బలంగా ఉన్న భావం ఏది అని రాయండి. బలమైన భావం చెడ్డదైన ముక్కల నిడివి కూడి, మెలకువగా ఉన్న గంటలతో భాగించండి. 16 గంటల మెలకువలో 4 గంటలు చిరాకులోనో దిగులులోనో గడిస్తే 25 శాతం. అర్థశాస్త్రవేత్త అలన్ క్రూగర్, మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ వాడిన కొలత ఇదే. మీ భావాలకు ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసుకోవడం కంటే ఇది నమ్మదగినది, ఎందుకంటే ఒకరి ఆరు ఇంకొకరి ఎనిమిది కావచ్చు గానీ చిరాకు పైచేయిగా ఉందా లేదా అన్నది ఎవరికైనా తెలుస్తుంది.

వారం ఆగి ఒకేసారి రాస్తే లెక్క తప్పుతుంది. 1993లో అచ్చయిన ఒక ప్రయోగంలో మనుషుల చేతిని ఒకసారి 14 డిగ్రీల చల్లని నీళ్ళలో 60 సెకన్లు ముంచారు. ఇంకోసారి అదే 60 సెకన్లు ముంచి, ఆపైన నీళ్ళను మెల్లగా 15 డిగ్రీలకు తెస్తూ మరో 30 సెకన్లు ఉంచారు. మళ్ళీ చేయాల్సి వస్తే ఏది ఎంచుకుంటారని అడిగితే ఎక్కువమంది రెండోదే అన్నారు. అందులో మొత్తం బాధ ఎక్కువ, ముగింపు మాత్రం కాస్త నయం. జ్ఞాపకం నిడివిని పట్టించుకోదు, శిఖరాన్నీ చివరినీ పట్టుకుంటుంది.

సుఖవాదం పెద్ద నిర్ణయానికి ఎందుకు చాలదో రాబర్ట్ నోజిక్ 1974లో ఒక ఊహతో చూపించాడు. కోరుకున్న అనుభవాలన్నిటినీ మెదడుకు అందించే యంత్రం ఉంది, లోపల ఉన్నంతకాలం అది నిజమే అనిపిస్తుంది. జీవితాంతం అందులోకి వెళ్తారా? చాలామంది వెళ్ళం అంటారు. అంటే అనుభూతికి మించినది ఏదో మనకు కావాలి. ఈ వాదాన్ని మరీ గట్టిగా పట్టుకోనూ వద్దు. 2010లో ఫెలిపే డి బ్రిగార్డ్ ప్రశ్నను తిరగేసి "మీరు ఇప్పటికే యంత్రంలో ఉన్నారు, బయటికి వస్తారా?" అని అడిగితే చెప్పుకోదగినంత మంది అక్కడే ఉంటామన్నారు. కాబట్టి మొదటి జవాబులో ఉన్న చోటును వదలలేకపోవడం కూడా కొంత కలిసే ఉంటుంది.

కోరికల సిద్ధాంతం: వడపోయకుండా వాడొద్దు

మీరు కోరుకున్నది జరిగితే మీకు మేలు. అర్థశాస్త్రంలో చాలా భాగం ఈ మాట మీదే నిలబడి ఉంది. దీని గొప్పతనం ఏమిటంటే మీకేది మంచిదో పైనుంచి ఎవరూ చెప్పరు. తంటా కూడా అక్కడే ఉంది. పార్ఫిట్ ఉదాహరణలో మీరు రైల్లో ఒక రోగితో మాట కలుపుతారు, అతను కోలుకోవాలని మనసారా కోరుకుంటారు, మళ్ళీ అతన్ని చూడరు, విషయం కూడా తెలియదు. అతను కోలుకుంటే మీ కోరిక తీరింది. మీ బతుకు మెరుగైందా? ఎవరూ అవుననరు.

అందుకే మీ కోరికల్ని కాగితం మీద రాసి, ఒక్కోదాన్నీ మూడు ప్రశ్నలతో వడపోయండి. మొదటిది: ఇది తీరిన తరవాత మామూలు మంగళవారం ఎలా ఉంటుందో నాకు తెలుసా? తెలియకపోతే ఆ బతుకు బతుకుతున్న ఇద్దరిని కలిసి, నిన్నటి రోజు పొద్దుట్నుంచి ఎలా గడిచిందో అడగండి. "మీకు బాగుందా?" అని అడగొద్దు, దానికి మర్యాద జవాబే వస్తుంది. రెండోది: ఎవరికీ చెప్పుకునే వీలు లేకపోయినా ఇది నాకు కావాలా? మన దగ్గర ఇళ్ళు, కార్లు, పెళ్ళి ఖర్చుల కోరికల్లో పెద్ద భాగం ఈ ప్రశ్న దగ్గరే రాలిపోతుంది. మూడోది: ఇది నా బతుకుకు సంబంధించినదేనా, లేక రైలు ప్రయాణికుడి కోరిక లాంటిదా? కొడుకు డాక్టరు కావాలన్న కోరిక తీరితే మేలు ఎవరిదో ఇక్కడ నిజాయితీగా రాసుకోవాలి.

వడపోత తరవాత కూడా వింత కోరికలు మిగలొచ్చు. మైదానంలో గడ్డిపరకలు లెక్కపెట్టడమే జీవితంగా ఎంచుకున్న మేధావిని జాన్ రాల్స్ 1971లో ఊహించాడు. అతనికి అదే మేలు అని ఈ సిద్ధాంతం ఒప్పుకోవాల్సిందే. మీ సొంత విషయంలో ఇది అరుదుగా వచ్చే చిక్కు, దాని గురించి దిగులు పడక్కర్లేదు.

జీవన సంతృప్తి: ఏడాదికోసారి తూచుకోవడానికి

దేశాల ఆనంద జాబితాలు వార్తల్లో వస్తాయే, అవి ఎక్కువగా కొలిచేది ఇదే. 1965లో హాడ్లీ కాంట్రిల్ అచ్చువేసిన నిచ్చెన ప్రశ్న వాటికి ఆధారం: అడుగున 0, మీకు సాధ్యమైన అతి చెడ్డ జీవితం, పైన 10, అతి మంచిది, మీరిప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారు? ఇంట్లో వాడుకోవడానికి 1985లో ఎడ్ డీనర్ బృందం తయారుచేసిన అయిదు వాక్యాల కొలత ఇంకా నయం. ఒక్కో వాక్యానికి 1 నుంచి 7 దాకా వేస్తారు, మొత్తం 5 నుంచి 35 మధ్య వస్తుంది. 20 అంటే అటూ ఇటూ కానిది. 21–25 కాస్త తృప్తి, 26–30 తృప్తి, 31–35 చాలా తృప్తి. 15–19 కాస్త అసంతృప్తి, 10–14 అసంతృప్తి, 5–9 తీవ్రమైన అసంతృప్తి.

తెలుగులో వాడేటప్పుడు అయిదో వాక్యం దగ్గర జాగ్రత్త. జీవితాన్ని మళ్ళీ జీవించే అవకాశం వస్తే దాదాపు ఏమీ మార్చనని దాని అర్థం. "మళ్ళీ జన్మంటూ ఉంటే" అని అనువదిస్తే జవాబిచ్చేవారి మనసు కర్మ, పునర్జన్మల మీదికి మళ్ళుతుంది. "ఇదే జీవితాన్ని మొదటి నుంచి మళ్ళీ గడిపే వీలుంటే" అని రాసుకోండి.

ఈ జవాబు చుట్టూ ఉన్నవాటికి తేలిగ్గా లొంగుతుంది. ముందు ఏ ప్రశ్న అడిగారన్న దాన్ని బట్టి కూడా మారుతుంది. జీతం పెంపు విన్న రోజున, పెళ్ళి భోజనం చేసొచ్చిన సాయంత్రం, తోడల్లుడి కొత్త ఇంటి గృహప్రవేశం మర్నాడు వేసుకోవద్దు. మూడు వేర్వేరు వారాల్లో ఒకే వేళకు వేసుకుని మధ్య అంకె తీసుకోండి. ఒకటి రెండు పాయింట్ల తేడాను లెక్క చేయొద్దు. ఎవరితో పోల్చుకుని మార్కులు వేశారో పక్కన ఒక్క మాట రాసిపెట్టండి. వచ్చే ఏడాది అంకె తగ్గితే, తగ్గింది బతుకా లేక పోల్చుకునే మనిషి మారాడా అన్నది ఆ ఒక్క మాటే చెబుతుంది.

సుఖం, తృప్తి వేర్వేరు దారుల్లో నడవగలవు. అమెరికాలో కానెమన్, ఆంగస్ డీటన్ 2010లో చూసిన లెక్కల్లో ఆదాయం పెరిగేకొద్దీ నిచ్చెన మెట్టు పెరుగుతూనే పోయింది. రోజువారీ భావాలు మాత్రం ఏడాదికి 75,000 డాలర్ల దగ్గర ఆగాయి. ఆ రెండో మాటను కానెమనే 2023లో మాథ్యూ కిలింగ్స్‌వర్త్, బార్బరా మెల్లర్స్‌తో కలిసి సవరించాడు: అలా ఆగేది అందరికంటే తక్కువ సంతోషంగా ఉన్న వర్గంలోనే, మిగతావారికి పెరుగుతూనే ఉంటుంది. 75,000 దాటితే డబ్బు పనిచేయదు అన్న మాటను ఇప్పటికీ పంచుతున్నవారు ఈ సవరణను గమనించాలి.

సర్దుకుపోయినవారిని కొలవాల్సి వస్తే

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇక్కడ జరుగుతుంది. 1944లో, బెంగాల్ కరువు వచ్చిన మరుసటి ఏడాది, కలకత్తా దగ్గరి సింగూర్‌లో ఒక ఆరోగ్య సర్వే జరిగింది. భార్యను పోగొట్టుకున్న మగవారిలో 48.5 శాతం మంది తమ ఆరోగ్యం బాగోలేదనో అంతంతమాత్రమనో చెప్పారు. వితంతువుల్లో ఆ మాట చెప్పింది 2.5 శాతమే. ఆ కాలపు బెంగాలీ వితంతువుల తిండి, బట్ట, వైద్యం ఎలా ఉండేవో తెలిసినవారెవరూ వాళ్ళే ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారనుకోరు. బాగోలేదని చెప్పుకునే హక్కు తమకుందని వాళ్ళకు అనిపించలేదు. అమర్త్య సేన్ ఈ అంకెల్ని పదేపదే ముందుకు తెచ్చింది అందుకే.

తత్వవేత్త మార్తా నస్‌బామ్ ఇదే సంగతిని మన మహబూబ్‌నగర్‌లో చూసింది. అక్కడి ఎండిన పల్లెల్లో ఆమె మాట్లాడిన ఆడవాళ్ళు తీవ్రమైన పోషకాహార లోపంతో ఉన్నారు, ఊళ్ళో నమ్మదగిన మంచినీళ్ళు లేవు. ప్రభుత్వ చైతన్య కార్యక్రమం వచ్చేదాకా తమ పరిస్థితి మీద వారికి కోపం ఉన్నట్టే లేదని ఆమె 2000లో అచ్చయిన పుస్తకంలో రాసింది. వేరే బతుకు ఉంటుందని వారు చూడలేదు. అప్పుడు వారికి నిచ్చెన ప్రశ్న వేసి ఉంటే ఏ అంకె వచ్చినా అది నీళ్ళ గురించి ఏమీ చెప్పేది కాదు.

దీనికి మన భాషలో అచ్చమైన మాట ఉంది: సర్దుకుపోవడం. దాన్ని మనం సుగుణంగా నేర్పుతాం, ముఖ్యంగా ఆడపిల్లలకు. అత్తింట్లో "నాకేం లోటు లేదు" అన్న కూతురి మాటను ఫోన్‌లో విని ఊరుకునే ఇంట్లో తృప్తి కొలత పనికిరాదు. జాబితా కావాలి.

నస్‌బామ్ జాబితాలో పది ఉన్నాయి: పూర్తి ఆయుష్షు, శరీర ఆరోగ్యం, ఒంటి మీద తన హక్కు (కొట్టేవారు లేకపోవడం, స్వేచ్ఛగా తిరగగలగడం), చదువు–ఊహ–ఆలోచన, భయం లేకుండా ప్రేమించగలగడం, తన బతుకు ప్రణాళిక తాను వేసుకోవడం, నలుగురితో గౌరవంగా కలవడం, చెట్టూ చేమా పశుపక్ష్యాదులతో సంబంధం, ఆటపాటలు, ఆస్తి మీదా ఓటు మీదా అదుపు. వాడే పద్ధతిలో ఒక్క నియమం గట్టిగా గుర్తుంచుకోవాలి: ఒకదాని లోటును ఇంకొకదాని మిగులుతో పూడ్చకూడదు. అత్తారు నగలు పెట్టారు కాబట్టి బయటికి వెళ్ళనివ్వకపోయినా సరే అన్న లెక్క ఇక్కడ చెల్లదు. ప్రతి అంశానికీ ఒక కనీస గీత గీసి, గీత దిగువన ఎన్ని ఉన్నాయో చూడండి. సగటు తీయొద్దు. "బాగున్నావా" అనే బదులు విషయాలు అడగండి: నీ పేరున బ్యాంకు ఖాతా ఉందా, ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉంటుంది, చివరిసారి ఒక్కదానివే ఎప్పుడు బయటికి వెళ్ళావు, ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికి వెళ్ళడానికి ఎవరిని అడగాలి?

భూటాన్ స్థూల జాతీయ ఆనంద సూచీ కూడా ఈ కుటుంబంలోదే. 9 రంగాలు, 33 సూచికలు, ఒక్కోదానికీ చాలు అనే గీత. కాకపోతే అక్కడ బరువు ప్రకారం 66 శాతం సూచికల్లో గీత దాటితే ఆనందంగా ఉన్నట్టే లెక్క. దేశానికి అది సరిపోవచ్చు. ఒక మనిషి విషయంలో, దెబ్బలు తినడం మిగతా 34 శాతంలో పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి నస్‌బామ్ నియమమే పాటించండి.

జాబితా మీద వచ్చే అభ్యంతరం న్యాయమైనదే: ఎవరు రాశారు దీన్ని, నా మీద ఎందుకు రుద్దుతారు? అందుకే ఆమె అవకాశం ఉందా అని మాత్రమే అడగమంటుంది, వాడుకున్నారా అని అడగదు. ఉపవాసం వేరు, ఆకలి వేరు.

అరిస్టాటిల్, పాత దారులు

అరిస్టాటిల్ మాట యుడైమోనియాను ఆనందం అని అనువదిస్తే తప్పుదారి పడతాం. మనిషి శక్తులు చక్కగా పనిచేస్తూ ఉండే బతుకు అని దాని భావం. అది అనుభూతి కాదు, చేసే పని. అందుకే పెద్ద నిర్ణయంలో ఇది బాగా పనికొస్తుంది: ఈ దారిలో నేను రోజూ ఏ పని సాధన చేస్తాను, పదేళ్ళకు నాలో ఏ గుణం గట్టిపడుతుంది? స్నేహానికి ఆయన నీతిశాస్త్రంలోని పది భాగాల్లో రెండు పూర్తిగా కేటాయించాడు. ఊరు మారే లెక్కల్లో మనం మొట్టమొదట వదిలేసేది స్నేహాలనే. అదృష్టం, కాస్త ఆస్తి, ఆరోగ్యం లేనిదే ఇది కుదరదని ఆయనే ఒప్పుకున్నాడు. ఆడవారినీ బానిసలనూ ఆ లెక్కలో చేర్చకపోవడం ఆయన దోషం, దాన్ని మనం మోయక్కర్లేదు.

గ్రీకు తత్వవేత్త ఎపిక్యురస్ పేరు విందు వినోదాలకు పర్యాయపదమైంది గానీ ఆయన చెప్పింది దాదాపు తలకిందులు. కోరికల్ని మూడుగా విడదీశాడు: సహజం, అవసరం కూడా అయినవి, సహజమే గానీ అవసరం కానివి, రెండూ కానివి. మొదటివి తీర్చుకో, రెండోవి దొరికితే సరే, మూడోవి వదిలెయ్. బానిసగా పుట్టిన స్టోయిక్ తత్వవేత్త ఎపిక్టెటస్ మన చేతిలో ఉన్నదీ లేనిదీ వేరు చేయమన్నాడు. సంతోషం (ఉన్నదానితో తృప్తి పడడం) అనే నియమం వల్ల సాటిలేని సుఖం కలుగుతుందని పతంజలి యోగసూత్రం 2.42 అంటుంది. మందు లేని జబ్బు, పోయిన మనిషి, తిరిగిరాని నష్టం ఎదురైనప్పుడు వీటికి సాటి లేదు.

వాడకంలో ఒకే హద్దు: ఇవి మీకు మీరు చెప్పుకునే మాటలు. నీళ్ళు లేని ఊరికి, జీతం ఎగ్గొట్టించుకున్న కూలీకి తృప్తిగా ఉండమని చెప్పడానికి ఎవరికీ హక్కు లేదు. ఇంకో సంగతి. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా తిండీ తప్పడం ఉంటే అది సిద్ధాంతం ఎంచుకునే వేళ కాదు. డాక్టర్ని కలవాలి. టెలీ మానస్ ఉచిత నంబరు 14416లో తెలుగులో మాట్లాడవచ్చు.

ఒక నిర్ణయం మీద పెట్టి చూస్తే

ఆంధ్రప్రదేశ్‌లో 52 ఏళ్ళ స్కూల్ అసిస్టెంట్‌కు గెజిటెడ్ హెడ్మాస్టరుగా ప్రమోషన్ వచ్చిందనుకుందాం. 62 ఏళ్ళకు రిటైర్మెంట్, అంటే ఇంకా పదేళ్ళు. బడి 45 కిలోమీటర్ల దూరం, బస్సులో రానూపోనూ మూడు గంటలు. తీసుకోవాలా, రిలింక్విష్ చేసుకోవాలా (వదులుకోవాలా)?

ముందు జాబితా. ఆరోగ్యం గీత దిగువకు పోతుందా? నడుం నొప్పి ఉన్న మనిషికి రోజూ మూడు గంటల బస్సు అంటే పోవచ్చు. అలాగైతే అక్కడికి ఇల్లు మారే దారి ఉంటేనే ముందుకు వెళ్ళాలి. తరవాత వడపోత: పేరు పక్కన హోదా ఎవరికీ కనబడకపోయినా ఇది కావాలా? టైమ్‌టేబుల్, మధ్యాహ్న భోజనం లెక్కలు, తల్లిదండ్రుల ఫిర్యాదులు ఇవే రోజంతా అయినా కావాలా? ఇద్దరు హెడ్మాస్టర్లను నిన్నటి రోజు అడిగితే తెలుస్తుంది. ఆ తరవాత అరిస్టాటిల్: పాఠం చెప్పడం ఈయన బలమైతే, తరగతికి దూరమై పదేళ్ళు గడపడం ఏ శక్తిని ఎండబెడుతుంది? నలుగురు టీచర్లను నడిపించడమే బలమైతే జవాబు తిరగబడుతుంది. చివరికి రోజు లెక్క: 16 గంటల్లో 3 గంటలు దాదాపు 19 శాతం. 2004లో టెక్సస్‌లో 909 మంది ఉద్యోగినుల రోజుల్ని కానెమన్ బృందం పరిశీలిస్తే పొద్దుటి ప్రయాణం అట్టడుగున నిలిచిన పనుల్లో ఒకటి. బస్సులో కూర్చోవడానికి చోటు దొరికి చదువుకోగలిగితే ఆ 19 శాతం చాలా తగ్గుతుంది. కాబట్టి సంతకం పెట్టేముందు వారం రోజులు ఆ బస్సుల్లో, అదే వేళకు, నిజంగా తిరిగి చూడాలి.

నాలుగు జవాబులు నాలుగు దిక్కులకు లాగితే కూడి సగటు తీయొద్దు. జాబితా గీత దాటకపోతే మిగతావి ఎంత ఊరించినా ఆగాలి. అది దాటితే వడపోసిన కోరిక, అరిస్టాటిల్ ప్రశ్న కలిసి నిర్ణయించాలి. రోజు లెక్క నిర్ణయాన్ని మార్చకూడదు, దాన్ని ఎలా అమలుచేయాలో చెప్పాలి: ఇల్లు మారడమా, వారం మధ్యలో అక్కడే ఉండడమా, బండి కొనడమా. తృప్తి కొలత చేరిన వెంటనే వేసుకుంటే సన్మానాల వేడి అందులో కలిసిపోతుంది. బడిలో ఒక పరీక్షల కాలం, ఒక అడ్మిషన్ల కాలం గడిచాక వేసుకుని, ముందు రాసిపెట్టుకున్న అంకె పక్కన పెట్టి చూడాలి.